ఆ గదిలో మాత్రమే కనిపించిన పేజీ

హిందూపురంలో బోర్డులు రాసే సాబ్జాన్‌కు ఒక పట్టింపు ఉండేది. ‘దారి లేదు’ అని మాత్రమే రాయమంటే ఆయన కుంచె పట్టేవాడు కాడు. తొంభైలలో ఒకసారి పెనుకొండ రోడ్డు మీద మోరీ తవ్విస్తున్న కంట్రాక్టరు ఒక రేకు ఇచ్చి, ‘దారి మూసివేయబడినది’ అని రాయమన్నాడు. సాబ్జాన్ ఆ మాట రాసి, దాని కింద ఎవరూ అడగని మరో వాక్యం చేర్చాడు: ‘పెనుకొండకు పోవువారు ఎడమచేతి వీధిలో తిరిగి, చింతపండు మండీ వెనుకగా వెళ్లవలెను.’

“ఏమప్పా సాబ్జానూ, అక్షరానికింత అని కూలి ఇస్తామనుకుంటివా?” అని కంట్రాక్టరు ఎకసెక్కమాడాడు.

“ఇయ్యద్దులే సామీ. బండి కట్టుకొని వచ్చినోడు ఈ రేకు చూసి ఈడనే నిలబడిపోతే, వాని ఎద్దులకు నువ్వు నీళ్లు పెడతావా?”

వరుస వంకర పోకుండా రేకుకు అడ్డంగా పట్టిన దారం రెండో కొనను పట్టుకొని, ఆ మాటలు విన్నవాడు ఆయన కొడుకు బాబావలి. తండ్రి చేతిలో ‘ఱ’ గుండ్రదనం, ‘శ్రీ’ వంపు ఎట్లా దిగుతాయో చూస్తూ పెరిగాడు గాని, అతనికి కుంచె పట్టుబడలేదు. చదువు పట్టుబడింది. ఊళ్లోనే డిగ్రీ, ఆ పైన కంప్యూటరు డిప్లొమా పూర్తిచేశాడు. అతడు చదువు ముగించే నాటికి ఊరికి ఫ్లెక్సీ యంత్రాలు వచ్చాయి. సాబ్జాన్ కుంచెలు కిరసనాయిలు డబ్బాలో నిలబడి ఎండిపోయాయి. ఉదయం పూట ఆయన బజారు చివరిదాకా నడిచి, తాను రాసిన పాత బోర్డులలో ఇంకా ఏవి మిగిలాయో చూసుకొని వచ్చేవాడు. అవి తగ్గుతూ వచ్చాయి. కొంతకాలానికి ఆ నడక కూడా మానుకున్నాడు.

బాబావలికి ఊళ్లో ఒక ధర్మసంస్థ నడిపే నర్సింగు పాఠశాల ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఏటా కొందరు పేదింటి ఆడపిల్లలకు అక్కడ ఉచితంగా చదువు, తిండి, హాస్టలు ఇచ్చేవారు. ఆ సీట్ల కోసం సిఫారసులు, వాటి వెంట దళారులు వచ్చేవారు. విసిగిపోయిన సెక్రటరీ 2009లో దరఖాస్తులన్నీ ఇంటర్నెట్‌లోనే తీసుకోవాలని నిశ్చయించాడు. బెంగుళూరు నుంచి ఒక సంస్థవారు వచ్చి ఆఫీసు లోపలి గదిలో సర్వరును అమర్చి, దాని పాస్‌వర్డును తమ దగ్గరే ఉంచుకొని వెళ్లిపోయారు. దాని మీద నడవవలసిన దరఖాస్తుల ప్రోగ్రామును మాత్రం బాబావలి రాశాడు. ఇంటర్నెట్ ఉన్న యంత్రం ఆఫీసులో అదొక్కటే కావడం వల్ల, రాసినా సరిచూసినా అతడు ఆ గదిలో, ఆ యంత్రం ముందరే కూర్చునేవాడు.

మార్కులను బట్టి ప్రోగ్రామే సీటు ఇస్తుంది. పత్రాలలో లోపముంటే, సరైన పత్రాన్ని తెచ్చి ఆ గదిలోని యంత్రంలోనే ఎక్కించడానికి గడువు ఇస్తుంది. గడువు దాటితే ఎవరి చేయీ పడకుండా ఆ సీటును తర్వాతి పిల్లకు తానే మారుస్తుంది. ఎవరూ అడ్డు పెట్టలేని ఈ ఏర్పాటు బాబావలిదే. దాని మీద అతనికి గర్వం ఉండేది.

లోపమున్నవారికి చూపవలసిన పేజీ దగ్గర అతని చేయి ఆగింది. ఆ సాయంత్రం తండ్రి ముందర కూర్చొని అడిగాడు.

“నాయనా, ఒక బోర్డు రాసియ్యాల. రంగు వద్దు, మాటలు చాలు.”

సాబ్జాన్ గోడకు ఆనుకొని నిటారుగా కూర్చున్నాడు.

“చదివేది ఎవరు?”

“ఆడపిల్లలు. పల్లెటూరోళ్లు.”

“అట్లయితే అమ్మా అని మొదలుపెట్టు. సీటు పోలేదు అనే మాట ముందర పెట్టు. అది లేకుంటే ఆ బిడ్డకు గుండె జారిపోతాది, తక్కింది చదవదు. మల్ల ఏమి తక్కువైందో చెప్పు. మల్ల యాడికి పోవాల్నో చెప్పు.”

అట్లా తయారయింది ఆ పేజీ: ‘అమ్మా, మీ సీటు పోలేదు. మీ ఆదాయ ధ్రువపత్రం గడువు మాత్రమే దాటింది. కొత్త పత్రాన్ని శనివారం సాయంత్రం అయిదు గంటలలోగా హిందూపురం పాఠశాలకు తెచ్చి చూపండి. అంతవరకు మీ సీటు మీకోసమే ఉంటుంది.’

ప్రోగ్రాము ఏ పేజీని పంపినా, దానిపైన ఒక సంఖ్య వేసి సర్వరు చేతికి ఇవ్వాలి. అంతా సవ్యంగా ఉంటే రెండువందలు, అడ్డంకి ఉంటే నాలుగువందల వరుసలో ఒకటి. బాబావలి చదువుకున్న పద్ధతి అది. తండ్రి మాటలున్న పేజీకి అతడు నాలుగువందల వరుసలోని సంఖ్యనే వేశాడు. అడ్డంకిని అడ్డంకి అని చెప్పడమే కదా సరైన పని. ఆ గదిలో కూర్చొని తెరిచి చూశాడు. తండ్రి వాక్యాలు తెరమీద చక్కగా నిలిచాయి. సాబ్జాన్ అది విని, ఆ రోజు మళ్లీ బజారులోకి నడిచి వెళ్లాడు.

ఫలితాలు సోమవారం తెరిచారు. సీటు వచ్చినవారిలో పత్రం దగ్గర ఆగిపోయినది ఒక్క పిల్లదే: పావని, తండ్రి గంగాధరప్ప, ధర్మవరం, చేనేత. అందరికంటె ఎక్కువ మార్కులు ఆమెవే. గురువారం దాకా ఆమె రాలేదు. దరఖాస్తులో ఉన్న ఫోను నంబరుకు బాబావలి చేశాడు. అది ఆమె ఇంటిది కాదు. ధర్మవరంలో ఆమె దరఖాస్తు నింపిన ఇంటర్నెట్ సెంటరుది. దాని యజమాని శివకృష్ణ ఫోను ఎత్తాడు.

“ఆ పాప దినామూ మొబ్బుల్నే వచ్చి చూసుకొని పోతాందన్నా. మీ సైటే పనిచేసేల్యా.”

“పనిచేస్తాంది. నేను దాన్ని తెరిచిపెట్టుకొనే మాట్లాడుతాండా.”

“నేనూ తెరిచిపెట్టుకొనే మాట్లాడుతాండా. సర్వర్ ఎర్రర్ అని బూడిద రంగు పట్టీలో ఇంతలావు రాసుండాది.”

“ఆ పాప నంబరు సరిగ్గా కొట్టినావా?”

“దినానికి నూరుమంది నంబర్లు కొడతాండానన్నా. నా మీద నమ్మకం లేకుంటే నువ్వే వచ్చి కొట్టు.”

“నీ కంప్యూటర్లో పాత పేజీ ఏదో నిలిచిపోయుంటాది. తుడిచి చూడప్పా.”

“తుడిచినా. మీది బాగు చేయించుకోండన్నా, ఊరోళ్ల కంప్యూటర్లను అనేదానికన్నా.”

బాబావలికి కోపం వచ్చింది. కళ్లెదుట తెరమీద తండ్రి మాటలు ఉన్నాయి. అవి లేవని ఎవడో చెబుతున్నాడు. సంగతి ఏమిటో ఫోనులోనే చెప్పివుంటే సరిపోయేది. కాని ఒకరి వివరాలు మరొకరికి ఫోనులో చెప్పరాదని సెక్రటరీ గట్టిగా ఆజ్ఞాపించి ఉన్నాడు. దళారులు అట్లాగే సీట్ల కూపీ తీసేవారు. ఆ ఆజ్ఞను దాటడం బాబావలికి తోచలేదు.

“దాంట్లో అంతా తెలుగులో రాసుండాది. నిదానంగా చదువుకోమని ఆ పాపకు చెప్పు,” అని ఫోను పెట్టేశాడు.

శనివారం అతడు, నాలుగు గంటలకల్లా తిరిగి వస్తానని చెప్పి సెలవు పెట్టి పెనుకొండలో ఉన్న అక్క రేష్మ ఇంటికి వెళ్లాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర తండ్రి మాట వచ్చింది. నాయన రాసిన బోర్డు ఇప్పుడు కంప్యూటర్లో ఉందంటే రేష్మ నమ్మలేదు.

“యాడ, చూపియ్యి. కడాకు నీ ఉద్యోగంలో ఒక్క మంచి పనన్నా ఉండాదేమో చూస్తా.”

అక్కను వెంటబెట్టుకొని బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లాడు. లోపమున్న పేజీ రావాలి కాబట్టి, తనకు కంఠతా వచ్చిన పావని నంబరునే కొట్టాడు. తెర తెల్లబడింది. పైన బూడిద రంగు పట్టీ, దానిలో ‘సర్వర్ ఎర్రర్’, దాని కింద ఒక సంఖ్య, ఇంగ్లీషులో ఒక పొడి వాక్యం వచ్చాయి. తెలుగు అక్షరం ఒక్కటి లేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే వచ్చింది.

“ఇదేనా నాయన రాసింది?” అని రేష్మ నవ్వబోయి, తమ్ముడి ముఖం చూసి ఆపుకుంది.

శివకృష్ణకు ఫోను చేస్తే, అతడు దుకాణం మూసి తాడిమర్రిలో పెండ్లికి పోయి ఉన్నాడు. పావని ఇంటి గుర్తులు మాత్రం చెప్పాడు. బాబావలి అక్కను అక్కడే వదిలి, కదులుతున్న ధర్మవరం బస్సు ఎక్కాడు. కూర్చున్నాక సెక్రటరీకి ఫోను చేశాడు.

“పత్రం తెచ్చి అయిదులోగా నీ కంప్యూటర్లో ఎక్కించు, సీటు ఆ పిల్లదే. దాటితే నన్ను అడగద్దు, బాబావలీ. నేను ఒకసారి చేయి పెడితే రేపు ప్రతి ఒకడూ నా చేయి పట్టుకుంటాడు. ఆ మాట చెప్పింది నువ్వే గదా.”

నేతగాళ్ల వీధిలో ఆ ఇల్లు దొరకడం కష్టం కాలేదు. గంగాధరప్ప మగ్గం గుంటలో కూర్చొని ఉన్నాడు. అంచు జరీ దగ్గరికి వచ్చినప్పుడల్లా ముఖాన్ని పోగుకు ఆనేంత దగ్గరగా వంచుతున్నాడు. చూపు తగ్గిపోయిందని చూడగానే తెలుస్తుంది. పావని పక్కన నిలబడి పోగు అందిస్తున్నది. తానెవరో బాబావలి చెప్పాడు.

“ఆ నర్సమ్మ బడి నుంచా? కూర్చోప్పా,” అన్నాడు గంగాధరప్ప. “సర్వర్ బాగైందా?”

“అది చెడిపోలేదు.”

“చెడిపోయిందని నాలుగు దినాలనుంచి చెప్తాండారే. మేమేమో పట్టు డిపో కంప్యూటర్ మాదిరి అనుకున్యాము. ఆడ కూడా ఇంతే, డౌన్ అంటారు, రెండు దినాలాగి పోతే తెరిచుంటాది. ఊరికే పోయి అడిగితే కసురుకుంటారు. అందుకే రాలేదు.”

బాబావలి ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. ఆదాయ ధ్రువపత్రం గడువు దాటిందని, కొత్తది కావాలని, సాయంత్రం అయిదుతో అంతా అయిపోతుందని చెప్పాడు. వింటున్న పావని ఇంట్లోకి వెళ్లి పెట్టె తెరిచింది. ఒక కాగితం తెచ్చి అతని చేతిలో పెట్టింది. అది కొత్త ఆదాయ ధ్రువపత్రం. రేషను కార్డు కోసం ఉగాదికి తీయించారట. దరఖాస్తుతో ఏదో ఒకటి చాలునని పాతదాన్నే జతపరిచారు.

“ఇదేనా అన్నా మీరు అడిగేది?”

అతడు తల ఊపాడు. సోమవారం నుంచి ఆ కాగితం ఆ పెట్టెలోనే ఉంది.

గంగాధరప్ప మగ్గంలో నుంచి లేచి చొక్కా తొడుక్కున్నాడు. చదువు ముగిసేదాకా తాను ఎట్లాగో మగ్గం నెట్టుకొస్తానని, బిడ్డను చదువుకు పొమ్మని ఆయనే అన్నాడట. ఆమె వెళ్లకపోతే ఆ గుంటలో దిగవలసింది ఆమే. అంచు కనిపించని నేతగాడికి చీర ఎవరూ ఇవ్వరు.

హిందూపురం బస్సు అప్పుడే పోయిందన్నారు. స్టేషనులో ప్యాసింజరు నిలబడి ఉంటే ముగ్గురూ అదే ఎక్కారు. బండి మొదట బాగానే కదిలింది. పావనికి కిటికీ పక్కన చోటు దొరికింది. కాగితాన్ని మడత పడకుండా ఒక పాత క్యాలెండరు అట్టలో పెట్టి, అట్టను రెండు చేతులతో పట్టుకొని కూర్చుంది.

“హాస్టల్లో మంచాలు ఇస్తారా అన్నా? మనమే చాప తీసుకొని పోవాల్నా?”

“మంచాలు ఉంటాయమ్మా.”

“నేను మంచం మీద ఎప్పుడూ పండుకోలేదు. పడిపోతానేమో.”

“పడితే మందేసేవాళ్లు ఆడనే ఉంటారు గదా,” అన్నాడు గంగాధరప్ప. ఆమె నవ్వింది.

పెనుకొండ కొండ కనిపిస్తుండగా బండి ఆగింది. ఏదో ఎక్స్‌ప్రెస్సును ముందు పంపాలట. కొందరు దిగి పట్టాల పక్కన బీడీలు వెలిగించారు. బాబావలి సెల్‌ఫోనులో గడియారం చూసుకున్నాడు. ఆఫీసు తాళంచెవి తన జేబులోనే ఉంది. లోపలి గదిలో ఎవరూ లేరు. ఎవరూ లేకపోయినా జరిగే విధంగా ఆ పనిని తానే రాసి పెట్టాడు. ఎక్స్‌ప్రెస్సు వచ్చి వెళ్లిపోయింది. బండి కదలలేదు. మరోసారి గడియారం చూసుకున్నప్పుడు అయిదు దాటి ఉంది.

పావని ఇంకా అడుగుతూనే ఉంది. యూనిఫాం తెల్లదా, నీలమా? ఆదివారాలు ఇంటికి పంపుతారా? అతడు ఒక్కొక్కదానికి జవాబు చెప్పాడు. అయిదు దాటిందని చెప్పడానికి నోరు రాలేదు. గంగాధరప్ప గడియారం చూడలేడు. కాని కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండ వైపు ముఖం తిప్పి కూర్చున్నాడు.

హిందూపురంలో ఆఫీసు తెరిచి, లోపలి గదిలో తెర వెలిగించాడు. పావని పేరున్న చోట రొద్దం నుంచి దరఖాస్తు పెట్టిన ఈరక్క అనే పిల్ల పేరు ఉంది. తల్లి వేరుశనగ చేలలో కూలి. పత్రాలన్నీ సవ్యం. ఆ పిల్ల అప్పటికే తన పేజీని తెరిచి చూసుకొని, చేరుతున్నానని ఒప్పుకొని ఉంది. శుభవార్త పేజీ రెండువందల సంఖ్యతో వెళుతుంది గనుక రొద్దంలో కూడా చక్కగా కనిపించింది.

సెక్రటరీ వచ్చాడు. క్యాలెండరు అట్టలోని పత్రాన్ని చూశాడు, పావనిని చూశాడు. కఠినుడు కాడు గనుక కుర్చీ లాగి ఆమెను కూర్చోమన్నాడు.

“రొద్దం పిల్ల దగ్గర నుంచి తీసి ఈ పిల్లకు ఇమ్మంటావా బాబావలీ? ఇమ్మంటే ఇస్తా. నువ్వే చెప్పు.”

బాబావలి తెరమీది ఈరక్క పేరు వైపు చూశాడు. గంగాధరప్పే చెప్పాడు.

“వద్దులే సామీ. అదీ ఆడబిడ్డే. దాని ఇంట్లో ఇప్పుడు సంతోషంగా ఉంటారు.”

పావని అట్టను తీసుకొని చంకలో పెట్టుకుంది. ధర్మవరం బస్సు ఎక్కేదాకా ఆమె ఏమీ అడగలేదు.

సోమవారం బెంగుళూరు సంస్థవారికి ఫోను చేస్తే, ఒక కుర్రవాడు తెలుగులో తేలికగా వివరించాడు. నాలుగువందల వరుస సంఖ్య కనబడితే సర్వరు లోపలి పేజీని తీసి పారేసి, తన దగ్గరున్న పేజీని పంపుతుందట. ప్రోగ్రాము ఎంత చక్కగా రాసి ఇచ్చినా సరే, సంఖ్యను చూస్తుంది గాని మాటలను చూడదట. అయితే ఆ యంత్రం ముందరే కూర్చొని చూసేవాడికి మాత్రం అసలు పేజీనే చూపుతుందట. బాగుచేసేవాడికి లోపం కనబడాలి, బయటివాడికి కనబడకూడదని దాన్ని తయారుచేసినవారి ఏర్పాటట.

“మీరు ఆ గదిలోనే కూర్చుంటే ఎన్నేండ్లయినా తెలీదు సార్. బయటికి పోయి ఒకసారి చూసుకోవాల్సింది. చిన్న సెట్టింగే. ఈసారి వచ్చినప్పుడు మారుస్తాం.”

ఆ ‘ఈసారి’ రాలేదు. కొన్నాళ్లు చూసి బాబావలి తనకు చేతనైన పని చేశాడు. తండ్రి మాటలున్న పేజీకి నాలుగువందల సంఖ్యను తీసి, రెండువందలు వేశాడు. అడ్డంకి ఉన్నదని చెప్పే పేజీ, అంతా సవ్యమేనని సర్వరుతో అబద్ధం చెప్పి బయటికి పోవడం మొదలుపెట్టింది. పెనుకొండలో చూశాడు. కనిపించింది. ఆ అబద్ధం ముందే ఆడివుంటే పావని సోమవారం తెల్లవారుజామునే ఆ పేజీని చదివి ఉండేది. ఈ సంగతి అతడు ఎన్నిసార్లు తలచుకున్నా అక్కడే ఆగిపోయేది. ఆ సంవత్సరంతో ధర్మసంస్థవారు ఉచిత సీట్లను ఎత్తివేశారు గనుక, మరుసటి ఏడు ఆమె మళ్లీ దరఖాస్తు పెట్టే వీలు కూడా లేకపోయింది.

దసరా దాటాక ఒకనాడు ధర్మవరం వెళ్లాడు. ఏమి చెప్పాలని వెళ్లాడో అతనికే తెలియదు. మగ్గం గుంటలో పావని ఉంది. గంగాధరప్ప బయట అరుగు మీద కండెలకు పట్టు చుడుతున్నాడు. ఆ పనికి చూపు అక్కరలేదు, వేళ్లు చాలు. ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు. పావని మగ్గం ఆపి, పైట చెంగుతో చేతులు తుడుచుకొని లేచింది.

“అన్నా, ఆ పొద్దు నాకు రావాల్సిన పేజీ ఇప్పుడు కనిపిస్తాదా?”

“కనిపిస్తాదమ్మా.”

“ఒకసారి చూపియ్యి.”

శివకృష్ణ సెంటరుకు నడిచారు. శివకృష్ణ లేచి తన కుర్చీని ఆమెకు ఇచ్చాడు. బాబావలి ఆమె నంబరు కొట్టాడు. సీటు మారినా ఆ పేజీని మార్చే పనిని అతడు ప్రోగ్రాములో రాయలేదు. పేజీ వచ్చింది.

ఆమె వేలిని వరుస వెంట నడుపుతూ, పైకి చదివింది. “అమ్మా, మీ సీటు పోలేదు.” అక్కడ ఒకసారి ఆగింది. తర్వాత చివరిదాకా చదివింది. మళ్లీ మొదటి నుంచి, ఈసారి మనసులోనే చదువుకుంది. తెరమీద శనివారం ఇంకా రాలేదు. సీటు ఇంకా ఆమె కోసమే ఉంది.

“బాగా రాసినారు,” అంది. “ఎవరు రాసింది అన్నా?”

“మా నాయన.”

“అట్లనా. పోతానన్నా, పోగు మధ్యలో వదిలిపెట్టి వచ్చినా.”

బాబావలి ఇల్లు చేరేసరికి సాబ్జాన్ గుమ్మంలోనే కూర్చొని ఉన్నాడు. తన పేజీ బయటికి పోలేదని గాని, దాని వల్ల ఒక బిడ్డకు ఏమయిందని గాని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కొడుకు కూడా చెప్పలేదు. కొంతకాలంగా ఆయన ప్రతి సాయంత్రం ఒకే మాట అడుగుతున్నాడు. ఆనాడూ అడిగాడు.

“ఎవరన్నా చదివినారా, రా?”

“చదివింది నాయనా. ధర్మవరం పాప ఒకతి. రెండుసార్లు చదివింది. బాగా రాసినారు అనింది.”

సాబ్జాన్ ముఖం విప్పారింది. చేతివేళ్లతో మోకాలి మీద ఏదో అక్షరం వంపును మెల్లగా దిద్దుకున్నాడు.

“నేను చెప్పలేదా, సీటు పోలేదు అనే మాట ముందర పెట్టమని? అది చూసినాక ఆ బిడ్డ యాడికి పోవాల్నో తెలుసుకొని వచ్చింటాది. చేరింది గదా?”

బాబావలి చెప్పులు విడిచి, వాటిని గోడ వారగా జతచేసి పెట్టాడు.

“లేదు నాయనా,” అన్నాడు. “చేరలేదు.”